రెండు డిష్‌లతో ఫ్రింజెస్ రావట్లేదా? ముందు క్లాక్ చూడండి

రెండు డిష్‌లూ సూర్యుడి వైపే తిప్పినా 1420 మెగాహెర్ట్జ్‌లో ఫ్రింజెస్ (రెండు రేడియో డిష్‌ల సిగ్నల్స్‌ని కలిపి పోలిస్తే కనిపించే అలల్లాంటి హెచ్చుతగ్గులు) రావట్లేదంటే దాదాపుగా క్లాక్ సమస్యే అండీ. మీ రెండు డాంగిల్స్ (యూఎస్‌బీ రేడియో రిసీవర్లు)లో క్లాక్ నడిపే క్రిస్టల్ దేనిది దానిదే కాబట్టి, ఒక్క పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) తేడా ఉన్నా ఫేజ్ సెకనుకి 1420 సార్లు తిరిగిపోతుంది, సగటు తీస్తే ఏమీ మిగలదు.

1. ఒకదాని 28.8 మెగాహెర్ట్జ్ క్లాక్‌నే రెండోదానికీ ఇవ్వండి, వైరు పొట్టిగా.

2. అందరూ వదిలేసేది ఇదే: క్లాక్ ఒకటైనా యూఎస్‌బీలో శాంపిల్స్ ఒకేసారి మొదలవవు. ఒకే నాయిస్ సోర్స్‌ని స్ప్లిటర్‌తో రెండు రిసీవర్లకీ పంపి, కోరిలేషన్ పీక్ (రెండు సిగ్నల్స్ బాగా సరిపోలే చోటు) ఎన్ని శాంపిల్స్ పక్కకి జరిగిందో చూసి సరిచేయండి. హైడ్రోజన్ మేజర్ క్లాకులు (చాలా కచ్చితమైన అణు గడియారాలు) ఉన్న వీఎల్‌బీఐ స్టేషన్లు (దూరదూరంగా ఉండి కలిసి పనిచేసే రేడియో టెలిస్కోపులు) కూడా తమ పరికరాల్లో వచ్చే ఫేజ్, ఆలస్యం తేడాల్ని కొలవడానికి రిసీవర్ ముందు నుంచే ఫేజ్ క్యాల్ పల్సులు పంపుతాయి.

3. స్ట్రీమ్ ఆపకుండా, ఫ్రీక్వెన్సీ ముట్టుకోకుండా యాంటెన్నాలకి మారండి. ఆపితే మళ్లీ రెండో స్టెప్ నుంచే.