బాక్సర్ పిల్లకి గొలుసా, తాయిలమా?

ప్రశ్న: మా బాక్సర్ జాతి కుక్కపిల్లకి 3 నెలలు. ఎవరొచ్చినా ఎగిరి మీద పడుతోంది. గొలుసు బిగించి లాగితేనే మాట వింటుందని ఒకరు, తిండి చూపించి నేర్పమని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: తిండే. బాక్సర్‌ది పొట్టి ముక్కు, ఊపిరికే అవస్థపడే జాతి. అలాంటి మెడకి బిగుసుకునే గొలుసేమిటండీ! ఛాతీకి వేసే హార్నెస్ కొనండి. నా మొదటి బాక్సర్‌కి నేనూ గొలుసే వాడాను. వారంలో అది నేర్చుకున్నదల్లా, గొలుసు చప్పుడు వినగానే మంచం కింద దూరడం.

గోరంత చికెన్ ముక్క దాని ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకి లేస్తుంటే వెనక భాగం దానంతటదే కిందికి దిగుతుంది. కూర్చున్న మరుక్షణం ముక్క నోట్లో పడాలి. మీరు జేబులో వెతుక్కునేలోపు అది లేచిపోతే, లేచినందుకే ఇచ్చారనుకుంటుంది. ఇలా రోజుకి 4, 5 సార్లు, ప్రతిసారీ 3 నిమిషాలు చాలు. ఎండలో మాత్రం వద్దు, ఈ జాతికి వేడి తొందరగా చేస్తుంది.

ఎగిరినప్పుడు అరవకండి, తోయకండి. దానికి అదీ ఆటే. వెనక్కి తిరిగి నిలబడండి. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టాకే పలకరించండి. ఇంట్లో ఒక్కరు ముద్దు చేసినా మీ శ్రమంతా వృథా. మా ఇంట్లో ఆ ఒక్కరూ మా ఆవిడే! బాక్సర్లకి పెద్దరికం రావడానికి 2, 3 ఏళ్లు పడుతుంది, టెన్షన్ పడకండి.