స్టాంపింగ్ లేదు, పిల్లలున్నారు, అమ్మానాన్నలున్నారు: గోల లేని కరీబియన్ బీచ్‌కి ఏ దీవి మంచిది?

మీ ప్రశ్న చదవగానే రెండేళ్ల కిందటి మా ఇల్లే గుర్తొచ్చిందండి. ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఏప్రిల్ చివర్లో ఒక వారం సెలవు, ప్రశాంతమైన కరీబియన్ బీచ్ రిసార్ట్ కావాలి, పెద్దవాళ్లు శాకాహారులు, మీ హెచ్1బి స్టాంప్, అంటే పాస్‌పోర్టులో ఉండే అమెరికా ఉద్యోగ వీసా, గడువు దాటిపోయింది, ఇదీ మీరు చెప్పింది. సరిగ్గా ఇలాంటి పరిస్థితిలోనే మేం న్యూజెర్సీ నుంచి సెయింట్ జాన్ వెళ్లొచ్చాం. మీకూ అదే చెప్తాను. మెక్సికోలోని కాంకూన్, డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానా వైపు అన్నీ కలిపిన ప్యాకేజీలు చవగ్గా కనిపిస్తాయి, నేనూ మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని వాటి ఫొటోలే చూశాను, కానీ అరవై దాటిన అమ్మానాన్నలూ అయిదేళ్ల పిల్లా ఉన్న ఇంటికి ముందు కావలసింది అలల్లేని నీళ్లు, రూములో ఒక స్టవ్. మిగతావన్నీ ఆ తర్వాతే.

ముందు కాగితాల సంగతి, ఎందుకంటే మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది. సెయింట్ జాన్ యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లో ఒక దీవి. డెన్మార్క్ చేతిలో ఉన్న ఈ దీవుల్ని అమెరికా 1917లో 2.5 కోట్ల డాలర్ల విలువైన బంగారం ఇచ్చి కొనుక్కుంది, అప్పటి నుంచి ఇది అమెరికా భూభాగమే. కాబట్టి అక్కడికి వెళ్తే దేశం దాటినట్టు కాదు, తిరిగి రావడానికి వీసా స్టాంప్ అక్కర్లేదు. అయితే వచ్చేటప్పుడు పక్క దీవి సెయింట్ థామస్ ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ వాళ్లు అందరి కాగితాలూ చూస్తారు. పాస్‌పోర్టులు, మీ ఐ-797 (హెచ్1బి ఆమోద పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింట్, అమ్మానాన్నల ఐ-94 ప్రింట్, అన్నీ ఒకే కవర్లో పెట్టి చేతి సంచిలో ఉంచుకోండి. మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగి పంపేశారు. గ్రీన్ కార్డ్ లాంటిది ఏదైనా పెండింగ్‌లో ఉంటే మాత్రం టికెట్లు కొనకముందే మీ అటార్నీని ఒక మాట అడగండి.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. సెయింట్ జాన్ ఉత్తర తీరంలో నిలబడితే ఎదురుగా టోర్టోలా కొండలు కనిపిస్తాయి, అవి బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్. అక్కడికి రోజంతా తిప్పి తీసుకొచ్చే బోట్ ట్రిప్పులు అమ్ముతారు, ఫొటోలు చూస్తే ఎవరికైనా వెళ్లాలనిపిస్తుంది. స్టాంప్ లేకుండా ఆ బోటు ఎక్కొద్దు. అది అమెరికా కాదు. గడువు దాటిన వీసాతో కెనడా, మెక్సికోలకు వెళ్లి ముప్పై రోజుల్లోపు తిరిగి రావచ్చనే వెసులుబాటు హెచ్1బి వాళ్లకి ఈ దీవుల విషయంలో వర్తించదు. గంట దూరం కూడా లేని చోటికి సరదాగా వెళ్లి, స్టాంపింగ్ కోసం హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ దీవుల సెల్ టవర్లు కూడా దగ్గరే కాబట్టి ఉత్తర తీరంలో, కోరల్ బే వైపు ఫోన్ వాటిని పట్టుకుని విదేశీ రోమింగ్ పడుతుంది. దిగగానే అంతర్జాతీయ రోమింగ్ ఆపేయండి, అమ్మానాన్నల ఫోన్లలో కూడా.

దీవి ఎందుకంత ప్రశాంతంగా ఉంటుందంటే, దాదాపు మూడింట రెండు వంతులు నేషనల్ పార్కే. లారెన్స్ రాక్‌ఫెల్లర్ అనే అమెరికన్ సంపన్నుడు భూములు కొని ప్రభుత్వానికి ఇచ్చేస్తే 1956లో పార్కు ఏర్పడింది. అందుకే ఉత్తర తీరంలో మంచి బీచ్‌లన్నిటి వెనకా అడవే ఉంటుంది, హోటళ్లుండవు. అంటే రిసార్ట్ ఒకచోట, మీరు మునిగే బీచ్ ఇంకోచోట. ఇది బుక్ చేసే ముందే మనసులో పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. మేం తీసుకున్న చోటు బీచ్ ఫ్రంట్ అని రాసుంది, తీరా వెళ్తే ఎదుట చిన్న ఇసుక పట్టీ, నీళ్లలో లంగరేసిన పడవలు. దానికంటే బాధపడింది మెట్ల గురించి. దీవంతా నిటారు కొండలు, కార్ ఆపిన చోటు నుంచి మా గుమ్మానికి 42 మెట్లు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మొదటి రెండు రోజులు ఏమీ అనకుండా ఎక్కింది, మూడో రోజు పొద్దున మీరు వెళ్లిరండి, నేను ఇక్కడే ఉంటానంది. రిసెప్షన్‌లో బతిమాలి కింది అంతస్తుకి మారాం. మీరు మాత్రం డబ్బు కట్టకముందే ఫోన్ చేసి, పార్కింగ్ నుంచి రూముకి ఎన్ని మెట్లు, రూము నుంచి నీళ్ల దాకా ఎన్ని మెట్లు అని అంకె అడగండి. కొంచెమే అంటే ఒప్పుకోవద్దు. క్రూజ్ బే ఊళ్లోనే నడిచి వెళ్లేంత దూరంలో, వంటగది ఉన్న రెండు బెడ్‌రూముల చోటు దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి.

సెయింట్ జాన్‌లో ఎయిర్‌పోర్టు లేదు. సెయింట్ థామస్‌లో దిగి, టాక్సీలో దీవి ఆ చివరన ఉన్న రెడ్ హుక్‌కి వెళ్లి, అక్కడ ఫెర్రీ ఎక్కాలి. ఫెర్రీ ప్రయాణం ఇరవై నిమిషాలే. కార్ మాత్రం బండ్లు ఎక్కించే వేరే పడవ, బార్జ్ మీద దాటించాలి, అది సాయంత్రానికే ఆగిపోతుంది. సెయింట్ థామస్‌లో కార్ అద్దెకి తీసుకుంటే చవక పడుతుందని మేం అక్కడే తీసుకున్నాం, ఫ్లైట్ మూడు గంటలు ఆలస్యమైంది, రెడ్ హుక్ చేరేసరికి చివరి బార్జ్ వెళ్లిపోయింది. కార్ అక్కడే పార్కింగ్‌లో వదిలేసి, నాలుగు సూట్‌కేసులు, రైస్ కుక్కర్, నిద్రపోతున్న పాప, వీటన్నిటితో మనుషుల ఫెర్రీ ఎక్కి, మర్నాడు పొద్దున మా ఆయన ఒక్కడే వెనక్కి వెళ్లి కార్ తెచ్చుకున్నాడు. మిగిలిన డబ్బు అటూ ఇటూ తిరగడానికే సరిపోయింది. క్రూజ్ బేలోనే జీప్ అద్దెకి తీసుకోండి, ముందే బుక్ చేయండి, పిల్లల కార్ సీట్ ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

డ్రైవింగ్ గురించి మా ఆయన ప్రత్యేకంగా రాయమన్నాడు. అక్కడ రోడ్డుకి ఎడమ పక్కన నడపాలి, కానీ బండ్లు అమెరికావే కాబట్టి స్టీరింగ్ కూడా ఎడమనే ఉంటుంది. హైదరాబాద్‌లో నడిపిన వాళ్లం కదా, ఎడమ పక్క మనకి అలవాటే అనుకుంటాం, కానీ మనం రోడ్డు మధ్య వైపు కాకుండా అంచు వైపు కూర్చుంటాం, మలుపుల్లో ఎదుటి బండి ఎంత దగ్గరగా వస్తోందో తెలియదు. మొదటి రోజు ముందు సీట్లో ఎవరో ఒకరు కూర్చుని ఎడమ, ఎడమ అని గుర్తుచేస్తూ ఉండండి. గాడిదలు, మేకలు రోడ్డు మీదే ఉంటాయి. నడపడం ఇష్టం లేకపోతే ట్రక్కు వెనక బెంచీలు వేసి పైకప్పు కట్టిన సఫారీ టాక్సీలు ట్రంక్ బే, సినమన్ బే, మాహో బే వైపు తిరుగుతుంటాయి, పిల్లలకి అవే ఎక్కువ నచ్చాయి.

బీచ్‌ల దగ్గరికొస్తే, నేను ఒక్క పేరే చెప్పాలంటే మాహో బే. రోడ్డు పక్కనే ఇసుక, కార్ దిగి పది అడుగులు వేస్తే నీళ్లు, మెట్లు లేవు, చాలా దూరం దాకా లోతు తక్కువ. మేం వెళ్లిన రోజుల్లో అల అన్నదే లేదు, చెరువులా ఉంది. మాది కనిగిరి వైపు. నాన్న రిటైరైన బడిపంతులు, కొత్తపట్నం సముద్రంలో మోకాళ్ల లోతు దాటి ఏనాడూ దిగని మనిషి. ఇక్కడ లైఫ్ జాకెట్ వేసుకుని ఛాతీ లోతు దాకా నడుచుకుంటూ వెళ్లి, మాస్క్ పెట్టుకుని తల వంచితే కింద సముద్రపు తాబేలు గడ్డి మేస్తోంది. తల పైకెత్తి మా అబ్బాయిని పేరు పెట్టి పిలిచిన పిలుపు నాకిప్పటికీ చెవిలో ఉంది. ఆ తర్వాత ప్రతి రోజూ పొద్దున్నే అందరికంటే ముందు తయారై కూర్చునేవారు. తాబేళ్లని ముట్టుకోనివ్వకండి, వెంటపడనివ్వకండి, కాసేపు కదలకుండా ఉంటే అవే దగ్గరకొస్తాయి. పొద్దున తొమ్మిదిలోపు వెళ్లకపోతే అక్కడ పార్కింగ్ దొరకదు.

ట్రంక్ బే అందరికీ తెలిసిన బీచ్, ప్రవేశ రుసుము ఉంటుంది, నీళ్ల అడుగున బోర్డులు పెట్టిన స్నార్కెల్ దారి ఉంది, అంటే మాస్క్ పెట్టుకుని ఈదుతూ చూసేది, మీ పెద్దబ్బాయికి అది చూపించాల్సిందే. కానీ సెయింట్ థామస్‌కి క్రూయిజ్ షిప్పులొచ్చిన రోజు మధ్యాహ్నానికి జనం నిండిపోతారు, ఎనిమిదిన్నరకి వెళ్లి పదకొండుకి వచ్చేయండి. దక్షిణాన సాల్ట్ పాండ్ బే కూడా బాగుంటుంది, కానీ కొంచెం ఎండలో నడవాలి, అమ్మానాన్నలకి వద్దు. ఒక పూట అన్నాబర్గ్ శిథిలాలకి వెళ్లండి. చెరకు తోటలు, పంచదార మిల్లు, బానిసల చేత పని చేయించిన చోటు. 1733 నవంబరులో ఈ దీవిలో బానిసలు తిరగబడి నెలల తరబడి దీవిని తమ చేతిలో ఉంచుకున్నారు. నాన్న అక్కడ ప్రతి బోర్డూ చదివి, మనవడికి తెలుగులో చెప్పుకుంటూ నడిచారు. రోజుకి ఒక్క బీచ్ చాలు, మధ్యాహ్నం రూముకొచ్చి అన్నం తిని పడుకోవాలి. రెండో బీచ్ కలిపిన రోజే మా ఇంట్లో గొడవ జరిగింది.

సన్‌స్క్రీన్ ఇక్కడ కొని తీసుకెళ్లేటప్పుడు వెనక రాసింది చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవి పగడాలకి హాని అని 2020 మార్చి నుంచి ఆ దీవుల్లో నిషేధించారు. జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకోండి, పిల్లలకి పొడుగు చేతుల స్విమ్ షర్టులు వేస్తే సగం పని తగ్గుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, మాంచినీల్ అనే చెట్టు. చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి కాయలు కింద రాలి ఉంటాయి, కాయా పాలూ అన్నీ విషమే, వానలో ఆ చెట్టు కింద నిలబడినా ఒళ్లు బొబ్బలెక్కుతుంది. బీచ్‌లో ఏ కాయా ముట్టుకోకూడదని పిల్లలకి దిగకముందే చెప్పండి.

తిండి విషయం. ఊళ్లో సూపర్ మార్కెట్లు బాగానే ఉన్నాయి, కానీ అన్నీ ఓడలో రావాలి కాబట్టి పాలు, కూరగాయలు మన దగ్గరకంటే చాలా ఖరీదు. మేం ఒక సూట్‌కేసు మొత్తం తిండికే ఇచ్చాం: సోనా మసూరి, కందిపప్పు, కందిపొడి, పులిహోర పేస్ట్, గోంగూర పచ్చడి, ఉప్మా రవ్వ, చిన్న రైస్ కుక్కర్. బీచ్‌కి పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకెళ్లాం, పిల్లలు తడి బట్టలతోనే తిన్నారు. రెండు రాత్రులు బయట తిన్నాం, చాలు. నీళ్లు మాత్రం జాగ్రత్తగా వాడాలి, అక్కడ చాలా ఇళ్లకి పైకప్పు మీద పడిన వాననీళ్లే ఆధారం, ఇంటి కింద తొట్టిలో పట్టుకుంటారు. ఆ మాట వినగానే అమ్మ మారు మాట్లాడకుండా బాత్రూంలో బకెట్ అడిగి తెప్పించుకుంది. ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టిన మనిషికి మనం చెప్పేదేముంటుంది.

కొట్లోకి వెళ్లినా టాక్సీ ఎక్కినా ముందు గుడ్ మార్నింగ్, గుడ్ ఆఫ్టర్‌నూన్ అనండి, చీకటి పడ్డాక కలిసినప్పుడు గుడ్ నైట్ అనే పలకరిస్తారు. పలకరించకుండా నేరుగా పని అడిగితే వాళ్లకి అది అమర్యాద. అమ్మానాన్నలకి ఈ పద్ధతి ఎంతగా నచ్చిందో చెప్పలేను, మా ఊరు ఎడిసన్‌లో ఆరు నెలల్లో పలకరించినంత మందిని అక్కడ వారంలో పలకరించారు.

దీవిలో చిన్న క్లినిక్ ఉంది, పెద్ద ఆసుపత్రికి సెయింట్ థామస్ వెళ్లాల్సిందే, కాబట్టి బీపీ, షుగర్ మందులు రెండు వారాలకి సరిపడా పట్టుకెళ్లండి, విజిటర్ ఇన్సూరెన్స్ అక్కడ వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. మీరనుకున్న ఏప్రిల్ చివరే మంచి సమయం, ఈస్టర్ రద్దీ తగ్గి రేట్లు దిగుతాయి, చలికాలంలో ఉత్తర తీరానికొచ్చే పెద్ద అలలూ తగ్గుతాయి. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు దాకా ఎంత చవగ్గా ఇచ్చినా అమ్మానాన్నలతో వెళ్లొద్దు. 2017 సెప్టెంబరులో రెండు వారాల తేడాలో ఇర్మా, మరియా హరికేన్లు ఆ దీవుల్ని దెబ్బతీశాయి, అప్పుడు మూతపడిన కనీల్ బే రిసార్ట్ శిథిలాలు మేం వెళ్లినప్పుడూ అలాగే ఉన్నాయి.

తిరుగు ఫ్లైట్ మాత్రం మధ్యాహ్నం మూడు తర్వాతది తీసుకోండి. ఫెర్రీ, టాక్సీ, ఇమిగ్రేషన్ క్యూ అన్నీ కలిపి చాలా సమయం పడుతుంది, ఎయిర్‌పోర్టుకి మూడు గంటల ముందే చేరాలి. మేం పన్నెండు గంటల ఫ్లైట్ తీసుకున్నాం. ఆ రోజు పొద్దున ఆరింటికి నాన్న చొక్కా వేసుకుని వచ్చి, మాహోకి ఒక్కసారి వెళ్లొద్దామా అమ్మా అన్నారు, టైం లేదు నాన్నా అన్నాను.