షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ అయిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ల షాపులో పన్నెండు మంది ఆపరేటర్లను నీకు అప్పజెప్పారట, సంతోషం. ఇకమీదట నీ పనితనం నీ చేతిలో కాదు, వాళ్ల చేతుల్లో కనిపించాలి.

ముందు ఒక చార్టు గియ్యి. ఎడమ వైపు పేర్లు, పైన పనులు: కొలత, ఇన్సర్ట్ (టూల్‌కి బిగించే కోత బిళ్ల) మార్పు, ఆఫ్‌సెట్ (కొలత తేడాకి మెషీన్‌లో వేసే సవరణ), కొత్త జాబ్ సెటప్. పక్కన మనిషి ఉంటే చేసేవాడికి 1, ఒంటరిగా చేస్తే 2, తేడా వస్తే కారణం పట్టుకోగలిగితే 3, ఇంకొకడికి నేర్పగలిగితే 4. కుర్చీలో కూర్చుని నింపకు, మెషీన్ దగ్గర నిలబడి చూసి నింపు. ఏ పనికైనా 3 దాటినవాడు ఒక్కడే ఉంటే, శిక్షణ అక్కడ మొదలుపెట్టు. మొదట్లోనే దీన్ని జీతానికి ముడిపెట్టావంటే రానిది వచ్చని చెప్పేస్తారు.

నేర్పేటప్పుడు ఎక్కువమంది "అర్థమైందా?" అని అడిగి వెళ్లిపోతారు. ఐటీఐ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు అర్థం కాలేదని ఎప్పటికీ అనడు. నువ్వు చేసి చూపించు, తర్వాత వాడి చేత చేయించు, చేస్తూ ఎందుకో వాడి నోటితోనే చెప్పించు. ఉదాహరణకి 25 మి.మీ. షాఫ్ట్ 25.04 వచ్చింది. వేర్ ఆఫ్‌సెట్‌లో (టూల్ అరుగుదలకి వేసే సవరణలో) ఎక్స్‌కి, అంటే వ్యాసం దిశకి, మైనస్ 0.04 కలపాలి. ఎక్స్ వ్యాసం లెక్కలో నడిచే లేత్ మీద సగం చేసి 0.02 కొడితే తేడా మిగిలిపోతుంది. ఫానుక్ కంపెనీ కంట్రోల్‌లో "ఇన్‌పుట్" కొడితే పాత విలువ చెరిగిపోతుంది, "ప్లస్ ఇన్‌పుట్" కొడితే దానికి కలుస్తుంది. ఈ రెంటి తేడా వాడు చెప్పగలిగాకే పక్కనుంచి కదులు. అరగంటకోసారి వచ్చి చూడు, తర్వాత పూటకోసారి చాలు.

జాబ్ రిజెక్ట్ అయినప్పుడు నలుగురిలో అరవకు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఈరోజు తిట్లు తిన్నవాడు రేపు పాడైన ముక్కను మంచివాటిలో కలిపేస్తాడు, అది కస్టమర్ దగ్గర బయటపడుతుంది. పక్కకి పిలిచి, ఏం కొలిచావు, దేంతో కొలిచావు, ఎప్పుడు కొలిచావు అని అడుగు. 0.02 మి.మీ. కంటే సన్నగా చూపించని వెర్నియర్‌తో కొలిచాడో, వేడి తగ్గకముందే కొలిచాడో తేలిపోతుంది. పొరపాటు తనంతట తాను చెప్పినవాడికి అక్కడే థాంక్స్ చెప్పు.

మెచ్చుకోలు కూడా పని పేరు పెట్టి ఉండాలి: "ఇన్సర్ట్ అంచు అరగడం ముందే చూశావు, లాట్ పాడవకుండా మిగిలింది."

నీకంటే పెద్దవాళ్లని "గారు" అనే పిలువు. కొత్తవాళ్లకి నేర్పే బాధ్యత వాళ్లకే ఇవ్వు, నేర్పే గంటలకి వాళ్ల టార్గెట్ తగ్గించు. తగ్గించకపోతే ఎవరూ నేర్పరు.

ప్రొడక్షన్ బాగా ఇస్తున్నాడని మంచి ఆపరేటర్‌ని ఏళ్లతరబడి ఒకే మెషీన్‌కి కట్టేయకు. నెలకో కొత్త సెటప్ వాడి చేత చేయించు, మొదటి ముక్క కొలతలు వాడే రాసి సంతకం పెట్టాలి.

ఓవర్‌టైమ్ గంటల లెక్క జీతాల ముందు నువ్వే ఒకసారి సరిచూడు. అది తప్పితే పైన రాసినవేవీ పనిచేయవు.

ఇట్లు,
మీ మావయ్య