వాన వెలిస్తే బాగయ్యే కారు

ప్రశ్న: వాన పడిన మర్నాడు మా కారు పవర్ విండోలు పనిచేయవు, లోపలి లైటు దానంతటదే వెలుగుతుంది. ఎండ కాస్తే అన్నీ మామూలే. బ్యాటరీ మార్చినా అంతే. ఏం చేయాలి?

జవాబు: పాపం, బ్యాటరీ ఏం చేసింది! ఎండకు కుదుటపడే జబ్బంటే నాకు ముందు నీళ్ల మీదే అనుమానం. మ్యాట్ తీసి, కార్పెట్ కింది స్పాంజిని గట్టిగా నొక్కండి. పైన పొడిగా ఉన్నా అడుగున నీళ్లు నిలవచ్చు. ఈమధ్య ఇలాగే వచ్చిన ఓ కారులో వైపర్ల కింద ఆకులు పేరుకుని నీళ్లు పోయే దారి మూసుకుపోయింది. నీరు వైర్ల వెంట జారి ఫ్యూజు బాక్సులో దిగింది. వైర్లను కలిపే ప్లగ్గు, అదే కనెక్టర్, ఊడదీస్తే పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము!

ఒకరు టార్చితో లోపల కూర్చోండి. ఇంకొకరు పైపుతో సన్నగా, కిందినుంచి పైకి నీళ్లు పోయాలి. పైనుంచి మొదలెడితే ఎక్కడ కారుతోందో తేలదు. సన్‌రూఫ్ ఉంటే దాని డ్రెయిన్ పైపులూ చూడండి. కనెక్టర్లు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ (–) వైరు తీసేయండి. పసుపు రంగువి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి మాత్రం వెళ్లొద్దు. లీకు ఆపకుండా కొత్త ఫ్యూజులు వేయడం నాకు నచ్చని పని.