పాప సామాన్ల లిస్టు చూశాక

బుజ్జీ,

నువ్వు పంపిన లిస్టు మొత్తం చదివాను. వాకరు, కూర్చోబెట్టి ఊపే బౌన్సరు, స్టెరిలైజరు, చక్రాల బండి, పాటలు పాడే బొమ్మలు... పాపకి అయిదో నెల నడుస్తోంది, ఈ సామాన్లన్నీ వస్తే మీ మధురవాడ ఫ్లాట్‌లో దాన్ని పడుకోబెట్టడానికి చోటుండదు. వైజాగ్ పూర్ణా మార్కెట్ వైపు మీ పెదనాన్న పిల్లల సామాన్ల షాపు నడిపినన్నాళ్ళూ కౌంటర్లో కూర్చున్నది నేనే. ఏది కొన్నవాళ్ళు మళ్ళీ వచ్చి అలాంటిదే ఇంకోటి అడిగేవారో, ఏది కొన్నవాళ్ళు నెల తిరక్కుండానే "వెనక్కి తీసుకుంటారా అమ్మా" అంటూ వచ్చేవారో నాకు తెలుసు. అందుకే చెప్తున్నాను, ముందే కొని పేర్చుకోకు. పాప ఇప్పుడేం చేస్తోందో చూడు, దానికి పనికొచ్చేదే కొను. ఇంకా కూర్చోడమే రాని పిల్లకి వాకరెందుకు?

అసలు ఆ వాకరు లిస్టులోంచి తీసెయ్. కెనడాలో 2004 నుంచి దాన్ని అమ్మడమే నిషేధం. మన పిల్లల డాక్టర్లూ వద్దనే చెప్తారు. అందులో కూర్చోబెడితే పిల్ల మునివేళ్ళతో నేలని తన్నుకుంటూ పోతుంది, దానివల్ల నడక ముందు రాదు సరికదా, టైల్స్ మీద జారి క్షణంలో గుమ్మం దగ్గరికో మెట్ల దగ్గరికో చేరిపోతుంది. పాప తనంతట తను లేచి నిలబడ్డం మొదలుపెట్టాక మూడు చక్రాల చెక్క బండి కొందువుగాని. మొదట్లో దాని అడుగు కర్ర మీద కిలో బియ్యం సంచి కట్టు, బండి ముందుకి పరిగెత్తదు.

బొమ్మల సంగతి కొంచెం వివరంగా చెప్తాను. షాపులో అందరూ చూసేది రంగూ, ధరా. నువ్వు చేత్తో చూడు. మెత్తటి బొమ్మ కళ్ళు గోటితో పట్టి గట్టిగా లాగు. పూస కదిలితే అక్కడే పెట్టేసి రా. దారంతో కుట్టిన కళ్ళయితే భయం లేదు. గిలక్కాయని చెవి దగ్గర ఊపి, అతుకు దగ్గర వేలు పెట్టి ఒత్తి చూడు, పగిలితే లోపలి గింజలు నేరుగా నోట్లోకే పోతాయి. బొమ్మ పెట్టె మూత తీసి వాసన చూడు, కిరసనాయిలు వాసనలాంటిది ముక్కుకి కొడితే వద్దు. ఇంట్లో కిచెన్ టిష్యూ అయిపోయాక అట్ట గొట్టం మిగులుతుంది కదా, అందులోంచి జారిపోయే వస్తువేదీ మూడేళ్ళు నిండేదాకా పాప చేతికి ఇవ్వకు.

పాటలు పాడే బొమ్మ కొనాలనే ఉంటే బ్యాటరీ మూతకి స్క్రూ ఉన్నదే కొను. గోటితో తెరుచుకునే మూతలున్నవి ఇంట్లోకే తేవద్దు. అర్ధరూపాయి బిళ్ళలా ఉండే బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. అలాంటి అనుమానం వస్తే ఇంటి వైద్యాలేవీ చెయ్యకుండా నేరుగా ఆస్పత్రికే పరిగెత్తాలి. ఇంకో మాట, మన ఊరి ఉప్పుగాలికి ఆ బొమ్మల్లో స్ప్రింగులు తుప్పు పట్టి తొందరగానే మూగబోతాయి. డబ్బులు పోసి టెన్షన్ కొనుక్కోవడమే.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ప్లాస్టిక్ బొమ్మ అట్టపెట్టె మీద ఆ గుర్తు వెతుక్కో. ఎగ్జిబిషన్లలో కుప్పగా పోసి అమ్మేవాటికి చాలాసార్లు ఉండదు. ఏటికొప్పాక బొమ్మల మీద అది కనిపించకపోతే మాత్రం కంగారుపడకు, రిజిస్టరైన హస్తకళాకారులకి ఆ రూలు నుంచి మినహాయింపు ఉంది. యలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు కదా, మనకి పెద్ద దూరం కూడా కాదు. అంకుడు కర్రని లేత్ యంత్రం మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. అందుకే అంచులు అంత నున్నగా ఉంటాయి. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటితో రంగులు చేసే పద్ధతికి అక్కడ మళ్ళీ ప్రాణం పోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఆ బొమ్మలకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే ముద్ర కూడా వచ్చింది. అయితే ఆ పేరు చెప్పి మామూలు పెయింటు పూసినవీ అంటగడుతుంటారు. తడి దూది గట్టిగా రుద్ది చూడు, రంగు అంటితే అవి కావు. పాపకి లావుపాటి పిడి ఉన్న గిలక్కాయ, కాస్త పెద్దయ్యాక తాడు కట్టి లాగే బండి చాలు. లక్కపిడతలు చూడగానే నీకు చిన్నతనం గుర్తొచ్చి కొనేస్తావని తెలుసు. కొనుక్కో, కానీ షోకేసులో పెట్టుకో. ఆ బుల్లి చెంబులూ మూతలూ మూడేళ్ళ దాకా పాపకి వద్దు. లక్క బొమ్మల్ని నీళ్ళలో నానబెట్టకు, వేణ్ణీళ్ళలో అసలు వెయ్యకు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఇక సరదా అంటావా, పాప కూర్చోడం వచ్చాక రెండు స్టీలు గ్లాసులు, ఒక గరిటె, మూత ఉన్న ఖాళీ డబ్బా దాని ముందు పెట్టు. మీ కింది ఫ్లాటు వాళ్ళు తలుపు కొట్టేదాకా ఆడుతుంది.

పాలసీసాలు అరడజను రాశావు. నీ పాలే పడుతున్నప్పుడు అన్నెందుకు? ఆఫీసుకి వెళ్ళాక పిండిన పాలు పట్టడానికి ఉగ్గుగిన్నె, చెంచా చాలుగా. గిన్నెకి మూలలుండవు, మరిగించి కడగడం తేలిక. సీసా మెడలోనూ పాలపీకలోనూ పాలమీగడ పట్టేసి ఎంత కడిగినా వదలదు. తప్పదనుకుంటే స్టీలుదో గాజుదో ఒకటి తీసుకో. అప్పుడు స్టెరిలైజరు కూడా అక్కర్లేదు, ఇడ్లీపాత్ర చాలు.

బట్టలకి సీజను చూసుకో. మన ఉక్కపోతకి నైలాన్ లేసు గౌన్లు ఫోటోకే పనికొస్తాయి, అరగంటకి మెడ చుట్టూ చెమటకాయలు. ముందు ముడివేసే నూలు జుబ్బాలు, పాత పంచె చింపి కుట్టిన లంగోటీలు పగటికి, డైపరు రాత్రికీ ప్రయాణానికీ. వానాకాలంలో బట్టలు ఆరక చస్తాం కాబట్టి జుబ్బాలు మాత్రం కాస్త ఎక్కువే ఉంచుకో. ఆవాల దిండు మీ అత్తగారు కుట్టి ఇస్తే కాదనకు, తీసుకుని బీరువాలో పెట్టు. ఏడాది నిండేదాకా దిండు లేకుండా, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టమనే డాక్టర్లు చెప్తారు. స్ప్రింగు ఉయ్యాల ఉంది కదా, దాని కొక్కేన్ని వారం వారం అల్లుణ్ణి చూడమను. తుప్పు లోపలి వంపులో మొదలవుతుంది, పైకి కనపడదు. పాప పక్కకి దొర్లుతోందంటే ఆ ఉయ్యాల విప్పేయాల్సిందే.

చక్రాల బండి నీ ఇష్టం. బీచ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద తప్ప మన ఎత్తుపల్లాల్లో దాన్ని తొయ్యడం నీవల్ల కాదు, మడిచి తలుపు వెనక పెడతావు. ఆ డబ్బుతో మంచి గుడ్డ క్యారియరు కొను. అందులో పాప మోకాళ్ళు పిరుదుల కన్నా పైకి ఉండాలి, గడ్డం రొమ్ముకి ఆనకూడదు, నువ్వు తల వంచితే దాని నుదుటి మీద ముద్దు పెట్టగలగాలి. అది వేసుకుని మాత్రం స్కూటరెక్కకు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ పిల్లలకి బండి మీద బెల్టు హార్నెస్, హెల్మెట్ ఉండాలని, నలభై కిలోమీటర్ల వేగం దాటకూడదని 2023 ఫిబ్రవరి 15 నుంచి రూలుంది. అంతకన్నా చిన్నదానికి ఆటోనే నయం. అల్లుడికి ఇది నేను చెప్పానని చెప్పు, నువ్వు చెప్తే వినడు.

గిలక్కాయ, దోమతెర, వెండి ఉగ్గుగిన్నె నేను తెస్తున్నాను, అవి కొనకు. దోమతెర గొడుగులా విప్పేదే తెస్తాను, మీ మంచం కొలత మీ అమ్మ చేత ఫోన్లో చెప్పించు.

మీ పెద్దమ్మ