చెవిలో మెషీన్ పెడితే పాప మరమనిషి అయిపోతుందా?

ప్రశ్న: మా పాపకు ఏడాదిన్నర. పిలిస్తే తిరిగి చూడదు. బెరా పరీక్షలో రెండు చెవులకూ వినికిడి దాదాపు లేదని తేలింది. నాలుగు నెలలుగా హియరింగ్ ఎయిడ్ పెడుతున్నా మార్పు లేదు. కాక్లియర్ ఇంప్లాంట్ చేయించమంటున్నారు. మాది మేనరికం. మా బావగారికి పుట్టుకతోనే వినపడదు. టైలరింగ్ చేసుకుంటూ చక్కగా బతుకుతున్నారు. ‘పాపకు ఈ కోత ఎందుకు, నాలాగే పెరుగుతుంది’ అని సైగలతో చెబుతున్నారు. అత్తయ్య ‘తలలో మెషీన్ పెట్టి పిల్లను మరమనిషిని చేస్తారా’ అని ఏడుస్తున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, నా సలహా ముందే చెప్పేస్తాను. స్కానింగ్‌లో కాక్లియా, వినికిడి నరం బాగున్నాయని తేలితే ఆపరేషన్ చేయించండి. ఆలస్యం చేయొద్దు. అయితే మీ అత్తయ్యగారి భయానికీ, బావగారి మాటకూ కూడా జవాబు చెప్పాలి.

కాక్లియా అంటే లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే, బఠాణీ గింజంత భాగం. అందులో దాదాపు 15 వేల సన్నటి రోమ కణాలుంటాయి. శబ్దాన్ని కరెంటు సంకేతంగా మార్చి నరానికి అందించేది అవే. అవి పనిచేయనప్పుడు హియరింగ్ ఎయిడ్ ఎంత గట్టిగా వినిపించినా అందుకునేవాళ్లు లేరు. ఇంప్లాంట్ ఆ కణాలను దాటేసి నేరుగా నరాన్ని తడుతుంది. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని పట్టి, చర్మం కింద అమర్చిన భాగానికి పంపుతుంది. అక్కడి నుంచి సన్నటి తీగ కాక్లియాలోకి వెళ్తుంది. ఆ తీగ మీద ఉండేవి మహా అయితే రెండు డజన్ల ఎలక్ట్రోడ్లు.

15 వేల కణాల పని ఆ కాసిన్ని ఎలక్ట్రోడ్లతో ఎలా అవుతుంది? అక్కడే మనిషి మెదడు గొప్పతనం ఉంది. మధ్యలో వినికిడి పోయి ఇంప్లాంట్ పెట్టించుకున్న పెద్దవాళ్లు మొదట్లో ‘అందరూ రోబోల్లా మాట్లాడుతున్నారు డాక్టర్’ అంటారు. కొన్ని నెలలు గడిచాక, భార్య గొంతు మళ్లీ భార్య గొంతులాగే వినిపిస్తోందంటారు. మెషీన్ అదే. మెదడు నేర్చుకుంది. మీ పాప మెదడు ఇప్పుడు ఇంకా సులువుగా నేర్చుకునే వయసులో ఉంది. శబ్దమే అందకపోతే, వినడానికి ఉన్న ఆ చోటు మెల్లగా చూపులాంటి వేరే పనులకు మళ్లిపోతుంది. అందుకే తొందరపెడుతున్నాను.

ఆపరేషన్ అయిన రెండు నుంచి నాలుగు వారాలకు మెషీన్ ఆన్ చేస్తారు. ఆ రోజే పాప నవ్వుతుందని ఆశ పెట్టుకోకండి. చాలామంది పిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఏడాది, రెండేళ్లు వారం వారం థెరపీ. ఇంట్లో అయితే రోజంతా థెరపీయే. పాప మెలకువగా ఉన్నంతసేపూ ప్రాసెసర్ ఉండాలి, స్నానానికి తప్ప తీయొద్దు. బియ్యం కడుగుతూ ‘బియ్యం కడుగుతున్నా’ అని చెప్పండి, కుక్కర్ విజిల్ వేస్తే ‘విన్నావా?’ అని చెవి చూపించండి. ఈ పనికి మీ అత్తయ్యగారికన్నా మంచి గురువు దొరకరు. పాపకు వచ్చేది మెషీన్ భాష కాదమ్మా. నానమ్మ మాట్లాడే ఖమ్మం తెలుగే, ఆవిడ యాసతో సహా.

ఇక బావగారి మాట. పిల్లలకు ఇంప్లాంట్ పెట్టడానికి అమెరికాలో 1990లో అనుమతి ఇచ్చినప్పుడు అక్కడి బధిరులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. మాలో లోపమేమీ లేదు, మాకూ ఒక భాష ఉంది అన్నారు. అందులో నిజం ఉంది. ప్రాసెసర్ తీసేస్తే మీ పాపకు వినపడదు. స్నానంలో, నిద్రలో, బ్యాటరీ అయిపోయినప్పుడు ఆమె బావగారి ప్రపంచంలోనే ఉంటుంది. అందుకని ఆయన దగ్గర సైగలు కూడా నేర్పించండి. సైగలు నేర్పితే మాట రాదని కొందరు భయపెడతారు, నేను ఒప్పుకోను.

పిల్లలకు ఈ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉంది. వయసు నిబంధన ఉంటుంది కాబట్టి ఆరోగ్యమిత్రను వెంటనే కలవండి. దివ్యాంగులకు సహాయ పరికరాలు అందించే కేంద్రం ఏడిప్ పథకం కూడా ఉంది. ఆ వివరాలు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి, మాట లోపాల సంస్థ కేంద్రంలో చెబుతారు. తర్వాత వైర్లు, బ్యాటరీలు, ప్రాసెసర్ రిపేరు ఖర్చులుంటాయి, ఇప్పుడే అడిగి తెలుసుకోండి. ఆపరేషన్‌కు ముందే న్యుమోకోకల్ టీకా వేయించాలి, మెదడు పొరల వాపు (మెనింజైటిస్) రాకుండా. ఇకపై ఎక్కడ ఎంఆర్ఐ తీయాలన్నా ఇంప్లాంట్ సంగతి ముందే చెప్పాలి.

మేనరికం గురించి మిమ్మల్ని ఎవరూ నిందించనివ్వకండి, మీరూ నిందించుకోకండి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే మాత్రం ముందుగా జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి.

డాక్టర్ దగ్గరకు వెళ్లే రోజు అత్తయ్యగారినీ, బావగారినీ వెంట తీసుకెళ్లండి. అలాగే ఏదైనా థెరపీ సెంటర్‌కు వెళ్లి, మూడు నాలుగేళ్ల క్రితం ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లలుంటే, వాళ్లతో అత్తయ్యగారిని కాసేపు మాట్లాడమనండి.