హెడ్‌లైట్లు మసకబారితే కారు మార్చాలా?

ప్రశ్న: మాది అనంతపురం. నెల జీతం 42 వేలు. 2014 మోడల్ కారు ఉంది, ఇంజన్ బాగానే ఉంది. కానీ హెడ్‌లైట్లు పసుపెక్కి మసకబారాయి. అబ్బాయి బెంగళూరులో చదువుతున్నాడు, రాత్రిపూట హైవే మీద వెళ్లి రావాలంటే టెన్షన్‌గా ఉంటోంది. రెండు లైట్లూ మార్చాలి, 14 వేలవుతుందని మెకానిక్ అన్నాడు. ఇన్సూరెన్స్‌లో పెట్టెయ్యమని మా తమ్ముడు అంటున్నాడు. ఆ పాత బండికి అంత ఖర్చెందుకు, 6 లక్షల లోన్‌తో కొత్తది తీసుకుందామని మా ఆవిడ అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముగ్గురి మాటా కాసేపు పక్కన పెట్టి, ఒక మగ్గు నీళ్లు హెడ్‌లైట్ మీద పోయండి. తడిగా ఉన్నంతసేపు తేటగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకబారితే పాడైంది పైపొర మాత్రమే. వెయ్యి, పదిహేను వందల్లో ఇంట్లోనే తేలిపోయే పని. అలా కాకుండా లోపల చెమ్మ చేరినా, పగుళ్లున్నా, రిఫ్లెక్టర్ మాడిపోయినా మెకానిక్ చెప్పిందే నిజం. అప్పుడు 14 వేలు పెట్టేయండి, రాత్రి ప్రయాణాల దగ్గర పీనాసితనం వద్దు.

లైటు ముందుండేది గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. ఎండ నుంచి కాపాడేందుకు దాని మీద పల్చటి పూత ఉంటుంది. మన ఎండల్లో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపితే అది పాడై పసుపెక్కుతుంది. ఆటో పెయింట్ షాపులో 1000, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్లు (తడిపి రుద్దే గరుకు కాగితాలు), పాలిషింగ్ కాంపౌండ్, మాస్కింగ్ టేప్, యూవీ నుంచి కాపాడే క్లియర్ కోట్ స్ప్రే అడగండి. ఎండెక్కకముందే, నీడలో మొదలుపెట్టండి. చుట్టూ పెయింట్‌కు తగలకుండా టేప్ వేసి, నీళ్లు చల్లుతూ 1000తో రుద్దండి. మొదట పసుపు నీళ్లు కారతాయి, పాత పూత వదులుతోందన్నమాట. తెల్లటి నీళ్లు వచ్చేదాకా రుద్ది, 2000, 3000 పట్టండి. ఈ దశలో లైటు మునుపటికన్నా అధ్వానంగా, పాలు పోసినట్టు ఉంటుంది. చాలామంది ఇక్కడే హడలిపోయి ఆపేస్తారు. కాంపౌండ్‌తో పాలిష్ చేస్తే తేటపడుతుంది. తర్వాత బాగా తుడిచి, ఆరాక, మాస్క్ పెట్టుకుని గాలాడే చోట స్ప్రే కొట్టండి. స్ప్రే డబ్బు మిగుల్చుకుందామనుకుంటే మాత్రం నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. టూత్‌పేస్ట్ చిట్కా కూడా అంతే, నాలుగు రోజుల మెరుపు. మసక లైటుకు ఎక్కువ వాట్ల బల్బు బిగించడం మరీ తప్పు, వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది.

ఇక తమ్ముడి సలహా. వాడకంతో వచ్చే అరుగుదలకు మోటార్ పాలసీ డబ్బులివ్వదు. రాయి తగిలిందని అబద్ధం చెప్పి క్లెయిమ్ చేయడం మోసం, ఆ దారే వద్దు. నిజంగా ప్రమాదంలో పగిలినా, జీరో డిప్రిసియేషన్ కవర్ లేకపోతే ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు. ఆపైన, 1500 సీసీ లోపు కారుకు వెయ్యి రూపాయలు మీరే భరించాలి. ఏళ్లుగా క్లెయిమ్ లేకుండా ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) వచ్చి ఉంటే అదీ పోతుంది. చిన్న రిపేరుకు క్లెయిమ్ సాధారణంగా గిట్టుబాటు కాదు.

కొత్త కారు లెక్క చూద్దాం. 6 లక్షలు, 10 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే ఈఎంఐ దాదాపు 12,750. వడ్డీకే 1,65,000 దాకా పోతుంది. 42 వేల జీతంలో మూడో వంతు దగ్గర్లో కారుకే పోతే, అబ్బాయి ఫీజు వచ్చిన నెల క్రెడిట్ కార్డు గీకాల్సి వస్తుంది. మీ ఆవిడ ఆలోచన పూర్తిగా తప్పని అనను, తొందరపాటు మాత్రమే. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, అంటే మీకు 2029లో ముగుస్తుంది. రెన్యువల్‌కు ఫిట్‌నెస్ పరీక్ష, ఫీజు, రిపేర్లు అన్నీ ఉంటాయి. కారు మార్చే సంగతి అప్పుడు ఆలోచించండి.

అప్పటిదాకా కట్టబోయే ఈఎంఐలో సగం కూడా కాని 5,000 నెలనెలా బ్యాంకు ఆర్‌డీలో (రికరింగ్ డిపాజిట్) వేయండి. మూడేళ్లకు అసలే 1,80,000, దానిమీద వడ్డీ. పాత కారుకు వచ్చేది కలిపితే లోన్ సగానికి దిగొచ్చు. నెలకో వెయ్యి వేరే ఖాతాలో కారు ఖర్చులకని పెట్టండి. టైర్లు, బ్యాటరీ, మళ్లీ ఎప్పుడైనా లైట్లు, అన్నీ అందులోంచే. ముందు ఈ ఆదివారం ఆ మగ్గు నీళ్లు పోసి చూడండి.